గంప కింద పాలపిట్ట

ఆమె పోయిందని రామకృష్ణాపూర్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది.

"పొద్దుగాల అరుగు మీద కూసోని కాకిని తిడుతాంది వదినా. నేను చాయ్ పోసుకొచ్చేసరికి తిట్టుడు ఆగిపోయింది. గింత జల్ది ఎట్ల ఆపిందని చూస్తే, ఇంకేముంది" అంది ఆ పిల్ల.

తిట్టు సగంలో ఉండగానే పోయిందా అని అడిగాను. సగంలోనే అంది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. అవతల ఆ పిల్ల కూడా ఏడుస్తూనే నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను గానీ, అది గుండె బరువెక్కి ఏడ్చిన ఏడుపు కాదు. దవాఖానల చుట్టూ తిరగలేదు, మంచాన పడలేదు, నోరు బాగా పనిచేస్తుండగానే వెళ్లిపోయింది. ఆమెకు నోరు పడిపోయి ఉంటే మేమెవరమూ చూసి తట్టుకునేవాళ్లం కాదు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా ఆయన తల్లి పుట్టిన ఊరే ఆమెదీ. అందుకని ఆయన చిన్నమ్మా అనేవాడు, ఆ వరసన నాకు అత్త అయింది. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ల లైనులో కొస ఇల్లు వాళ్లది, దాని పక్కది మాది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ కట్టింది మా మాటలు ఆమెకు వినపడకుండా ఆపడానికి కాదని కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. నేను పప్పులో ఉప్పు ఎక్కువైందని గొణుక్కుంటే గోడ అవతలి నుంచి "చింతపులుసు పొయ్యి పిల్లా" అని వచ్చేది.

మనిషి పొట్టి. నడిచేటప్పుడు కిందికి చూసే అలవాటు లేదు. తీగల మీదికి, చెట్ల మీదికి, పొగగొట్టాల మీదికి చూస్తూ నడిచేది. అందుకని ఆమె కాలి బొటనవేలికి ఎప్పుడూ ఒక దెబ్బ, దాని మీద పసుపు ఉండేవి. "కింద ఏమున్నదే చూడనీకి, బొగ్గే గద" అనేది. పిట్టను చూసేటప్పుడు మాత్రం నోరు మూసేది. లైనులో ఎవరికైనా తలనొప్పి వస్తే, ఆమెకు ఒక పిట్టను చూపించండ్రా అని మేం ఆడవాళ్లం నవ్వుకునేవాళ్లం.

పిట్టల అసలు పేర్లు ఆమెకు పెద్దగా తెలియవు. తెలిసినవి కూడా సగం తప్పులే. కానీ వాటికి డ్యూటీలు వేసింది. గోరింకలు, కాకులు ఫస్టు షిఫ్టు. చిలకలు సెకండు షిఫ్టు. గుడ్లగూబలు, గబ్బిలాలు నైటు షిఫ్టు. గోదావరి ఇసుకలో ఒంటి కాలి మీద నిలబడి పొద్దంతా ఏమీ చేయనట్టు కనిపించే కొంగలు జనరల్ షిఫ్టు, అంటే ఆఫీసువాళ్లు. వానలు వెనకపట్టి చలి మొదలయ్యే వేళకు కరెంటు ప్లాంటు బూడిద చెరువు మీద, నది మడుగుల్లో ఎక్కడి నుంచో బాతులు దిగేవి. అవి ఎటు నుంచి వస్తాయని నేనొకసారి అడిగితే "ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినయ్. ఎండకాలం మళ్ల ఆర్డర్ వస్తది, పోతయ్" అంది. ఆ చలికి ముందే తెల్లగా నల్లగా ఉండే చిన్న పిట్ట ఒకటి వచ్చేది. తోక ఎగరేస్తూ, దించుతూ మా లైను ముందు అటూ ఇటూ తిరిగేది. దానికి ఆమె పెట్టిన పేరు సర్దార్. గనిలో పనులు చూస్తూ తిరిగే సర్దార్ కూడా అంతే, ఎక్కడా కుదురుగా నిలబడడు. "సర్దార్ వచ్చిండే, ఇగ బతుకమ్మ వచ్చినట్టే" అని లైనంతా వినపడేటట్టు కేకేసేది. నేను అప్పటి నుంచి క్యాలెండర్ చూడటం తగ్గించాను.

బతుకమ్మకు పూలు కోయడానికి ఆడవాళ్లం తెల్లవారుతూనే సంచులు పట్టుకుని బయలుదేరేవాళ్లం. తంగేడు దగ్గర్లోనే దొరికేది. గునుగు కోసం ఓపెన్ కాస్టు, అంటే నేలను పై నుంచి తవ్వుకుపోయే గని, మట్టి గుట్టల అవతలికి పోవాలి. అక్కడ గునుగు గింజల మీద ఎర్ర ముక్కు చిట్టి పిట్టలు గుంపుగా వాలి ఉండేవి. మేం సంచులు తెరవగానే అత్త చేతులు చాపి అడ్డం నిలబడేది. "గీ వరస వాటిది. అవతల వరసకు పోండ్రి. వాటికి పండుగ లేదా?" అని. పిట్టలకు పండుగేమిటని ఎవరైనా అంటే వాళ్ల ఏడు తరాలనూ దింపి తిట్టేది. పూలు తక్కువై ఆమె బతుకమ్మే అందరికంటే పొట్టిగా వచ్చేది. గోదావరి ఒడ్డున అన్ని బతుకమ్మలూ వరసగా పెడితే ఆమెది మధ్యలో చిన్నపిల్లలా ఉండేది, ఆమె మాత్రం దాని చుట్టూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది.

ఇక ఆమె కొట్లాటల సంగతి చెప్పాలి. మామ, అంటే ఆమె భర్త, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మేం బాయి అనే అంటాం. ఆయన నోరు తెరిచేది తక్కువ. ఆయన డ్యూటీకి చెప్పులు వేసుకుంటుంటే సరిగ్గా అప్పుడే అత్త ఏదో ఒకటి ఎత్తుకునేది. మొన్న పెళ్లిలో మీ అక్క నన్ను పలకరించలేదని, గొళ్లెం బిగించమంటే ఇంతవరకూ బిగించలేదని. ఆయన జవాబు చెప్పడానికి తిరిగేసరికి "పో పో, టైమైంది, వచ్చినంక మాట్లాడుదాం" అని తలుపు వేసేసేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు భయం వేసింది. గండంతో కూడిన పనికి పోయే మనిషిని నవ్వుతూ పంపాలి గానీ ఇదేమి చోద్యమని అడిగేశాను.

"కొట్లాట సగమే పెట్టి పంపాలె పిల్లా. మంచిగ మాట్లాడి పంపితె మనిషికి నిమ్మలమైతది. నిమ్మలమైన మనిషి బాయిల ఏమరుపాటుగ ఉంటడు. మిగిలిన సగం కొట్లాడనీకన్న పైకొస్తడు" అంది.

ఇది విని నేను నవ్వాను. కానీ మామ పదవీ విరమణ దాకా చిన్న దెబ్బ తగలకుండా పైకి వచ్చాడు. రోజూ సగం కొట్లాట మోసుకుని దిగి, రోజూ మిగతా సగం తిట్లు తిన్నాడు. అది ఆమె గొప్పో ఆయన అదృష్టమో నాకు తెలియదు.

దసరా సాయంత్రం జమ్మి ఆకు పంచుకునే ముందు పాలపిట్టను చూడాలన్నది మా వైపు ఆనవాయితీ. చూస్తే ఏడాది అంతా మంచి జరుగుతుందని. లైనంతా కొత్త బట్టలతో అత్త వెనక నది ఒడ్డుకు నడిచేవాళ్లం. మొదట్లో పొలాల మీద తీగ తీగకూ కనిపించేవి. ఓపెన్ కాస్టు పొలాలను మింగుతూ వచ్చాక పిట్టలూ తగ్గాయి. ఒక ఏడు ఎంత నడిచినా కనిపించలేదు. పొద్దు గుంకుతుండగా అత్త ఉన్నట్టుండి ఆగి, పెద్ద కరెంటు స్తంభం పైకి చూసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. పైన నీలంగా ఏదో కదిలింది. అందరం మొక్కాం. చెంపలు వేసుకున్నాం. జమ్మి పంచుకున్నాం. మర్నాడు పొద్దున మా ఆయన ఆ దారినే డ్యూటీకి పోతూ చూస్తే అది తీగకు చిక్కుకున్న నీలం ప్లాస్టిక్ కవరు. ఇంటికి వచ్చి చెబుతుంటే గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది. "కవరైతేంది? మొక్కింది పాలపిట్టకు గద. చేరాల్సినోళ్లకు చేరుతది."

తెలంగాణ వచ్చాక పాలపిట్టను రాష్ట్ర పక్షి చేశారని టీవీలో చెప్పినప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికి మామ రిటైరై, వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి కూతురి దగ్గరికి పోవడానికి సామాన్లు కడుతున్నారు. అత్త చేతిలో గిన్నె కింద పెట్టి "అంటే దాన్ని పర్మినెంటు చేసిండ్రన్నట్టా?" అని అడిగింది. అంతేనేమో అత్తా అన్నాను. "మంచిగైంది. ఇన్నేండ్లు ఒక్కరోజు పండుగ నాడు పిలిచి పంపిస్తుండిరి" అంది. పర్మినెంటు అనే మాట విలువ మా బొగ్గుబాయిల జనానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇన్ని చెప్పాను గానీ, ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఆ ఒక్క ఏడాదే. దానికి ముందు ఏడు దసరా నాడు మా ఆయన పండుగ వదిలి డ్యూటీకి దిగాడు. పాలపిట్టను చూడలేదు, జమ్మి అందుకోలేదు. ఆ షిఫ్టులోనే పై నుంచి బండ కూలింది. నడుము దాకా బొగ్గులో కూరుకుపోతే తోటివాళ్లు తవ్వి బయటికి లాగారు. ప్రాణానికి ముప్పు లేదు, చెయ్యి విరిగింది. ఎండాకాలానికి చెయ్యి అతుక్కుంది. పనికి పనికొస్తాడని డాక్టర్లు రాసిచ్చారు. కానీ మనసు అతకలేదు. పొద్దున డబ్బా కట్టించుకుని బయలుదేరేవాడు. బాయి దాకా పోయేవాడు. ఒక్కోసారి లోపలికి దిగడానికి తలకు దీపం కూడా పెట్టుకునేవాడు. మళ్లీ అన్నీ ఇచ్చేసి ఇంటికి వచ్చేవాడు.

"చప్పుడు ఇనబడ్తాందే. పైన బండ పగిలే చప్పుడు" అనేవాడు. ఇంటి స్లాబు కింద కూడా పడుకోలేక వాకిట్లో మంచం వేసుకున్నాడు.

వానలు తగ్గే వేళకు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. దీపావళి లోపు డ్యూటీకి రాకపోతే పేరు తీసేస్తామని. వాళ్లనీ అనడానికి లేదు, ఎన్ని నెలలు ఆగుతారు? ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది. ఊళ్లో ఉన్న కొద్ది భూమి ఎప్పుడో మట్టి గుట్టల కిందికి పోయింది. నాకు రోజులు ఎట్లా గడిచాయో ఆ గోడకు తెలుసు, గోడ అవతల ఆమెకు తెలుసు. చివరికి ఒకరోజు ఆయనే అన్నాడు, "పోయిన దసరకు పాలపిట్టను చూడలె. గందుకే అట్లయింది. ఈ దసరకు చూసి పోత." నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఒక్క పిట్ట కనిపిస్తే చాలు అనుకున్నాను.

దసరా పొద్దున ఎవరో ఒకతను గంపలో పాలపిట్టను పెట్టుకుని లైను లైనూ తిరుగుతూ వచ్చాడు. చూసి మొక్కుకోండి, శుభం అని అరుస్తున్నాడు. జనం మొక్కుతున్నారు. మా ఆయన పరుగున గడప దాటాడు. అత్త ఆయన కంటే ముందు వీధిలో ఉంది. గంపలోకి చూసింది. పిట్ట కాళ్లకు దారం. రెక్కలు విప్పకుండా ఈకలకు జిగురు పూశారు.

"దాని రెక్క ఇప్పు, మొక్కుత" అంది అతనితో.

"ఇప్పితె ఎగిరిపోతదమ్మా."

"ఎగిరితెనే పాలపిట్ట. ఎగరకపోతె కోడిపెట్ట. పిట్టను పట్టుడు నేరమని ఎర్కేనా? పిలువన్నా ఫారెస్టోళ్లను?"

మా ఆయన బతిమాలాడు. "చిన్నమ్మా, నన్ను ఒక్కసారి చూడనియ్. చూస్తె అయిపాయె."

"కట్టేసిన పిట్టను చూస్తె చూసినట్టు కాదు కొడుకా. గదే గోస పడ్తాంది. నీకేం ధైర్నమిస్తది?" అంటూ ఆమె పిట్టతో సహా గంపను లాక్కుని నడుముకు పెట్టుకుంది. అతను ఏదో అనబోయాడు. లైనులో ఆడవాళ్లందరూ బయటికి వచ్చేసరికి మాట మింగి, ఖాళీ చేతులతో పక్క లైనుకు కూడా పోకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గోదావరి ఒడ్డున ఒక్క పాలపిట్ట కనిపించలేదు. అత్త ముందు నడిచి కాలి వేళ్లు పగలగొట్టుకుంది తప్ప లాభం లేదు. చీకటి పడే ముందు వెనక్కి వస్తూ మా ఆయన అన్నాడు, "నువ్వే అంటివి చిన్నమ్మా, కట్టేసింది చూస్తె చూసినట్టు కాదని. గా గంపల పిట్ట ఎగిరిననాడు, దాన్ని రెక్క ఇప్పంగ చూసిననాడు నేను బాయి దిగుత. అప్పటిదాక దిగ."  ఆమె మాటే ఆమెకు గుదిబండ అయింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, ఇంటికి చేరేదాకా ఆమెతో మాట్లాడలేదు. పొద్దున చూడనిస్తే పోయేది కదా అనిపించింది.

మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చి గడపలో నిలబడి షిఫ్టులు చదివింది. "ఫస్టు షిఫ్టు నీది కొడుకా. గా పిట్ట మిడతలు తప్ప ఏం తినది. మంచు మీద మిడతలు ఎగరలేవు, గప్పుడే పట్టాలె. సైరన్ కంటె ముందు లేసి నది ఒడ్డు గడ్డిల ఉండాలె. జనరల్ షిఫ్టు నీ పెండ్లానిది. రెక్కలకు నూనె పెట్టుడు, కుంకుడు రసంతోని కడుగుడు. మిగిలిన షిఫ్టులు నావి. నాగాలు లేవు, సిక్కు లీవులు లేవు."

ఆయన ఒప్పుకున్నాడు. పిట్ట ఆకలితో చస్తే మళ్లీ ఎగిరేదెప్పుడు? చీకటితో లేచేవాడు. సీసా పట్టుకుని పోయి, ప్యాంటు మోకాళ్ల దాకా తడుపుకుని, సీసా నిండా మిడతలతో వచ్చేవాడు. ఒకరోజు ఆలస్యమైతే అత్త సీసా అందుకోకుండా "మస్టర్ అయిపోయింది, రేపు రా" అని బాయి దగ్గర హాజరు మూసేసినట్టే వెనక్కి పంపింది. పాపం, మళ్లీ ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. నెలల తరబడి పొద్దెక్కేదాకా దుప్పటి తీయని మనిషి, నేను లేపకుండా లేస్తున్నాడు. ఆకలిగా ఉంది అన్నం పెట్టమని అడుగుతున్నాడు. నేను ఈక ఈకకూ నూనె రాసి, కుంకుడు రసంతో కడిగి, గుడ్డతో అద్దేదాన్ని. ఆ పిట్ట నా వేలు పొడిచేది, నేను అత్తను మనసులో తిట్టుకునేదాన్ని.

జిగురంతా వదిలాక, కాళ్ల దారం కూడా కోసేశాక అత్త కొత్త ఆర్డర్ వేసింది. "ఇగ దాన్ని ఎవరు ముట్టొద్దు. చీకట్ల ఉంటె రెక్కలకు బలమొస్తది. గంప ఎత్తొద్దు." రోజులు గడుస్తున్నాయి. ఆయన సీసా ఇచ్చి వస్తున్నాడు. దీపావళి దగ్గరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె నీళ్లకు పోయినప్పుడు నేను ఆగలేక వాళ్లింట్లోకి పోయాను. గంప దగ్గర చెవి పెట్టాను. చప్పుడు లేదు. చచ్చిపోయిందేమో అని గంప ఎత్తాను. కింద ఏమీ లేదు. మామ మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. పిట్టేదీ మామా అని అడిగాను. "మీ అత్తనడుగు" అని ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బిందెతో వచ్చిన అత్త నన్నూ, ఎత్తిన గంపనూ చూసి బిందె దించింది. అంత పెద్ద నోరూ చిన్నదైపోయింది.

"జిగురు వదిలిననాడే రెక్కలు ఆరనీకి ఎండకు పెట్టిన పిల్లా. పిల్లి వచ్చింది. పిల్లిని కొడుదామని లేస్తె ఇది లేసింది. నా నెత్తి మీంచే పోయింది. అబ్బ, ఏం నీలమే అది! ఇన్నేండ్ల నుంచి చూస్తాన, గంత దగ్గర ఎన్నడు చూడలె. చూడాల్సినోడు చూడలె, నేను చూసిన. నా కండ్లు పాడుగాను" అంది. అని కొంగు నోట్లో కుక్కుకుంది.

 ఆయనకు చెప్పేద్దాం అన్నాను.

"చెప్పు. ఎగరంగ చూడలె, దిగ అంటడు. అప్పుడేం చేస్తవ్?"

"మరి రోజూ తెచ్చే మిడతలు?"

"దొడ్లె ఇడుస్తాన. అవన్న బతుకనియ్" అంది. నాకు ఏడవాలో తెలియలేదు, నవ్వాలో తెలియలేదు. ఆ సాయంత్రం నుంచి నేనూ అబద్ధంలో భాగమయ్యాను. ఆయన పిట్ట ఎట్లా ఉందని అడిగితే బాగుందని చెప్పాను. నిజానికి అది బాగానే ఉంది కదా, ఎక్కడుందో తెలియదు గానీ.

గడువుకు ముందు రోజు సీసా తీసుకుంటూ అత్త ఆయనతో అంది, "కొడుకా, పిట్టకు బలమొచ్చింది. రేపు ఇడుద్దాం."

"పొద్దుగాలనా?"

"పొద్దుగాల నీకు డ్యూటీ ఉన్నది. పొయ్యి రా. దిగొచ్చినంక నీ చేతులతోనే గంప ఎత్తు."

"ఎగిరినంక దిగుత అన్న గద చిన్నమ్మా."

"నువ్వన్నవ్. ఇప్పుడు నేనంటాన. నువ్వు బాయి దిగి మళ్ల పైకొచ్చి నా గడపల నిలబడెదాక గంప ఎత్త. నువ్వు రాకపోతె అది గట్లనే గంప కింద ఉంటది. నీ ఇష్టం" అని సీసా తీసుకుని లోపలికి పోయింది.

  ఆయన మర్నాడు ఎప్పటిలాగే చీకటితో లేచాడు. సీసా కోసం వెతికి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, డబ్బా కట్టమన్నాడు. సైరన్ మోగేసరికి వీధి మలుపు తిరిగాడు. తిరిగి వస్తాడేమోనని నేను గుమ్మంలోనే ఉన్నాను. రాలేదు. పొద్దెక్కింది, రాలేదు. వస్తాడని రోజూ భయపడేదాన్ని, ఆ రోజు రానందుకు భయపడ్డాను.

అత్త ఆ రోజు పొయ్యి ముట్టించలేదు. గంపను ముందు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది, దాని కింద నిజంగానే పిట్ట ఉన్నట్టు. ఎవరినీ తిట్టలేదు. ఒక కాకి వచ్చి పక్కనే వాలినా చూడలేదు. నేను పోయి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది.  షిఫ్టు దిగే సైరన్ మోగింది. మనుషులు రావడం మొదలుపెట్టారు. మా లైనువాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఇళ్లలోకి పోయారు. ఆయన లేడు. మామ కూడా వచ్చాడు. అడిగితే "పైకొచ్చిండు, నేను చూసిన" అన్నాడు. పైకి వచ్చిన మనిషి ఇంటికి రాకపోవడమేమిటి? అత్త నా చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టింది.

అప్పుడు మలుపు దగ్గర కనిపించాడు. ముఖమంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. ప్యాంటు మోకాళ్ల కింద తడి. చేతిలో సీసా. మా గడప వైపు చూడకుండా నేరుగా అరుగు దగ్గరికి వచ్చాడు.

"పొద్దుగాల మిడతలు పట్టలె గద, ఆకలితోని ఉంటదని పోయిన. సాయంత్రం పూట దొరుకతలెవ్వు, ఎగిరి పోతానయ్. గీ నాలుగే" అని సీసా చూపించాడు. "ఎత్తన్నా చిన్నమ్మా?"

అత్త నోరు తెరిచేలోపే  ఆయన వంగి గంప ఎత్తాడు.

ఖాళీ నేల చూశాడు. గంప లోపలికి చూశాడు. నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను.

"పోయింది కొడుకా" అంది అత్త. "ఎప్పుడో పోయింది. నేను చూసిన, నువ్వు చూడలె. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్యి. నువ్వైతె పైకొచ్చినవ్ గద" అని ఆయన నల్లటి చేతులు రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. ఆమె చెంపలు నల్లబడ్డాయి. అప్పుడు ఏడ్చింది, లైనంతా వినపడేటట్టు.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను దగ్గరికి పోయాను. నవ్వుతున్నాడు. బండ కూలినప్పటి నుంచి నేను ఆ నవ్వు వినలేదు.

"మోసం చేస్తివి చిన్నమ్మా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "పొద్దంతా లోపల చప్పుడు ఇనబడ్డా గాని పిట్ట పిట్ట అనుకుంట పని చేసిన. ఇప్పుడు అది లేకపాయె. మరి రేపు దేని కోసం పైకి రావాలె?"

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడుపు ఆపి నా వైపు చూసింది. నోరు మళ్లీ మామూలు అయింది.

"కండ్లు లేవారా నీకు? ఏడాది నుంచి గడపల నిలబడి సస్తాంది గా పిల్ల. అది కనబడలె గాని నీకు పాలపిట్ట కనబడాల్నా?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు.  సీసా మూత తీసి ఆ నాలుగు మిడతలనూ గడ్డిలో వదిలేశాడు. తానానికి నీళ్లు కాగినయా అని అడిగాడు. ఎప్పుడో కాగినయి, రా అన్నాను.